పాళీ కొనే ముందు 'ఠావు' అని రాసి చూడండి

మొన్న మాఘమాసంలో మా బాబాయి కూతురి పెళ్లి. శుభలేఖల కవర్ల మీద పేర్లు రాసే పని నాకు అప్పగించారు అని చెప్పుకుంటున్నాను గానీ, అసలు సంగతి నేనే మీద వేసుకున్నాను. "పేర్లు ప్రింటు తీయించి అంటించేద్దాం రా, ఎందుకొచ్చిన శ్రమ" అన్నాడు బాబాయి. "నువ్వూరుకో బాబాయ్, చేత్తో రాస్తే ఆ అందమే వేరు" అన్నాను. నా ధీమాకి కారణం ఉంది. అంతకు నెల ముందే 1.5 మిల్లీమీటర్ల స్టబ్ పాళీ ఉన్న ఇంకు పెన్ను తెప్పించుకున్నాను. స్టబ్ అంటే కొన గుండ్రంగా కాకుండా ఉలి మొనలా వెడల్పుగా ఉండేది. నిలువు గీత లావుగా, అడ్డగీత సన్నగా పడుతుంది. దాంతో ఇంగ్లిషులో నా పేరు రాసుకుని నేనే మురిసిపోయాను. ఏదో పాత కాలపు రాజపత్రం మీద సంతకంలా ఉంది.

మొత్తం నూట అరవై కవర్లు. పాతిక రాసి బల్ల మీద ఆరబెట్టాను. బాబాయి కళ్లజోడు సవరించుకుని ఒకటి తీసి చూశాడు.

"ఏరా, ఇది లక్ష్మా, లక్షా?"

"లక్ష్మి, బాబాయ్."

"మరి కింద ఈగ చచ్చి పడిందేంట్రా?"

నిజంగానే ఈగలా ఉంది. క కింద ష, దాని పక్కన మ, రెండూ కలిసిపోయి ఒక నల్లటి ముద్ద. 'కృష్ణ' కింద ఇంకో ఈగ. 'శ్రీ' మాత్రం, అదేం అదృష్టమో, కాస్త బాగుంది. పాతిక కవర్లలో బతికి బట్టకట్టినవి ఏడు. రావు, రాజు లాంటి ఒత్తుల్లేని పేర్లవి.

ఆ రాత్రి నాకు ముందు కోపం వచ్చింది పెన్ను మీద. తర్వాత కాగితం మీద. ఆ మెరుపు కవర్లు సిరా పీల్చవు, అది నిజమే. కానీ అదే కవరు వెనక ఇంగ్లిషులో రాస్తే అక్షరం ముత్యంలా వచ్చింది. అంటే పెన్నుదీ కాగితందీ తప్పు కాదు, దాన్ని ఎంచుకున్న నాది. పాళీ ఎలా ఎంచుకోవాలో నేను నేర్చుకున్నదంతా ఇంగ్లిషు రాసేవాళ్ల దగ్గర. వాళ్లు చెప్పింది వాళ్ల లిపికి నూటికి నూరు పాళ్లు నిజం. మన లిపికి సరిపోతుందా అని నేను ఒక్కసారైనా అడిగి చూసుకోలేదు.

ఈ మాట కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఇంకు పెన్నుల పిచ్చి ఇప్పుడు మళ్లీ మొదలైంది, నాలాగే ముద్ద చేసుకునేవాళ్లు చాలామంది ఉంటారు.

ఏ లిపి అయినా తను పుట్టిన పనిముట్టు పోలికలతో ఉంటుంది. ఇంగ్లిషు అక్షరాల్లో లావు సన్నం ఎక్కడివి? పక్షి ఈకని వెడల్పుగా కోసి, ఒకే కోణంలో పట్టుకుని రాస్తే వాటంతట అవే వచ్చేవి. ఆ సంగతి మరుగున పడిపోతే ఎడ్వర్డ్ జాన్‌స్టన్ అనే ఆయన పాత రాతప్రతులు చదివి మళ్లీ పైకి తెచ్చాడు. 1899 నుంచి లండన్‌లో పాఠాలు చెప్పాడు. ఇవాళ ఇంగ్లిషు కాలిగ్రఫీ తరగతుల్లో వెడల్పు పాళీతో మొదలుపెట్టించడం వెనక ఉన్నది ఆయనే. ఇక హైదరాబాదులో ఉర్దూ ఖత్తాతీ, అంటే అక్షరాలు అందంగా రాసే కళ, చూడండి. నస్తాలీఖ్ అనే ఉర్దూ రాత తీరుకి వాడే రెల్లు కలం మొన ఏటవాలుగా కోస్తారు. ఆ కలంతో పెట్టిన చుక్కే కొలబద్ద. అలిఫ్ అనే అక్షరం ఇన్ని చుక్కల ఎత్తు, బే అనేది ఇన్ని చుక్కల వెడల్పు అని లెక్క. కంప్యూటర్లు వచ్చేదాకా మన హైదరాబాదు ఉర్దూ పత్రికలు కాతిబులనే రాతగాళ్లు చేత్తో రాసినవే. ఆ లిపి అందమంతా ఆ ఏటవాలు కోతలో ఉంది. ఆ కలం తీసేసి బాల్ పెన్నుతో రాస్తే నస్తాలీఖ్ వెలవెలబోతుంది.

మరి తెలుగు? మన పెద్దలు శతాబ్దాల పాటు రాసింది గంటంతో. ఇనుప మొనతో తాటాకు మీద గీరడం, తర్వాత మసి పూసి తుడవడం, గీరిన చోట మసి నిలిచి అక్షరం కనబడటం. గంటం మొన సూదిలాంటిది. ఎటు తిప్పినా గీత ఒకటే మందం. లావు లేదు, సన్నం లేదు. ఉన్నదల్లా మెలిక. అడ్డంగా నిలువుగా గీస్తే తాటాకు చీలుతుంది కాబట్టే మన అక్షరాలు గుండ్రబడ్డాయని బళ్లో చెప్పేవారు. ఆ కథ నేను పూర్తిగా నమ్మను. రాతి మీద చెక్కిన శాసనాల్లో కూడా తెలుగు-కన్నడ లిపి గుండ్రబడుతూనే వచ్చింది, రాయికి చీలే భయం లేదు కదా. కానీ కారణం ఏదైనా, మనకి దక్కిన లిపిలో అందం గీత మందంలో లేదు, గీత తిరిగే తీరులో ఉంది. ఆ తిరుగుడు మధ్యలో మిగిలే ఖాళీలో ఉంది.

ఖాళీ అనే మాట గుర్తుపెట్టుకోండి. పాళీ ఎంపిక మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది.

లెక్క వేసి చూపిస్తాను. మామూలు రూళ్ల నోటుబుక్కులో గీతకీ గీతకీ మధ్య సుమారు 8 మిల్లీమీటర్లు. అందులో అక్షరం ఒళ్లు 4 మిల్లీమీటర్లు అనుకుందాం. పైన గుడికి, కొమ్ముకి కాస్త చోటు. కింద ఒత్తుకి మిగిలేది 2, మహా అయితే రెండున్నర. ఒత్తులో ఒక సున్నా చుట్టాలంటే దానికి రెండు గోడలు కావాలి. బ్రాడ్ అనే లావు రకం పాళీ గీత సుమారు 0.9 మిల్లీమీటర్లు. రెండు గోడలకి 1.8. ఇక లోపల గది ఎక్కడిది? 0.2. సిరా కాస్త పాకితే అదీ పూడిపోతుంది. మీడియం అయితే 0.7 చొప్పున రెండు గోడలకి 1.4, గది 0.6. ఇరుకే, కానీ బతకొచ్చు. 0.35 గీత గీసే సన్నటి పాళీ అయితే 0.7 పోగా 1.3 మిల్లీమీటర్ల గది మిగులుతుంది. గాలీ వెలుతురూ ఆడుతుంది. నా శుభలేఖల సంగతి మరీ అన్యాయం. ఒత్తు ఎత్తు 3 మిల్లీమీటర్లు, పాళీ 1.5. రెండు గోడలకే 3 అయిపోయింది. ఈగ చావక ఏం చేస్తుంది?

ఒత్తులే కాదు. ద కీ ధ కీ తేడా ఎంత? అడుగున పెట్టే చిన్న నిలువు గీత. బ-భ, చ-ఛ, డ-ఢ కూడా అంతే. పాళీ లావైతే ఆ గీత అక్షరం అడుగులో కలిసిపోయి దార ఏదో ధార ఏదో తెలియకుండా పోతుంది. థ లోపల చుక్క, ఠ లోపల చుక్క ఇంకా కష్టం. చుక్క చుట్టూ ఖాళీ ఉంటేనే అది చుక్క. ఇంగ్లిషులో ఇలా అక్షరం కడుపులో చుక్క పెట్టే పని లేదు, అక్షరం కింద అక్షరం వేలాడదీసే పని లేదు. అందుకే వాళ్లకి మీడియం పాళీ 'మామూలు', మనకి అదే మీడియం లావు. నా దృష్టిలో తెలుగు ఎక్కువగా రాసేవాళ్లు ఇంగ్లిషువాళ్లు చెప్పిన దానికి కనీసం ఒక మెట్టు సన్నంగా దిగాలి.

మెట్టు అన్నాను కాబట్టి ఆ మెట్ల గురించి. ఎక్స్‌ట్రా ఫైన్, ఫైన్, మీడియం, బ్రాడ్ అని పాళీల మీద ఇంగ్లిషు అక్షరాలు ఉంటాయి. ఇవి చెప్పుల సైజుల్లాంటివి, కంపెనీకీ కంపెనీకీ కుదరవు. జర్మనీ పాళీలు లావు, జపాన్ పాళీలు సన్నం. పైలట్, సెయిలర్, ప్లాటినం లాంటి జపాన్ కంపెనీల ఫైన్ మన చేతికొచ్చే జర్మన్ పెన్నుల ఎక్స్‌ట్రా ఫైన్ అంత, ఒక్కోసారి అంతకన్నా సన్నం. దీనికి కారణం వేరే వెతకక్కర్లేదు. వాళ్లు కంజీ, అంటే చైనా నుంచి వచ్చిన చిక్కటి అక్షరాలు, రాయాలి. చిన్న గడిలో పదీ పదిహేను గీతలు ఇరికించాలి. వాళ్ల లిపి ఇబ్బందిని వాళ్ల పాళీ తీర్చింది. అది అనుకోకుండా మనకీ పనికొచ్చింది. ప్లాటినం ప్రెపీ అనే చవక పెన్ను మీద 02, 03, 05 అని మిల్లీమీటర్లలోనే వేస్తారు. అనుమానం ఉన్నవాళ్లు 03తో మొదలుపెట్టొచ్చు. లామీ సఫారీ లాంటి వాటిలో పాళీ ముందుకి లాగితే ఊడి వచ్చేస్తుంది, వేరే సైజు తొడుక్కోవచ్చు. ఒక పెన్నుతో రెండు సైజులు సరిచూసుకోవడానికి అది బాగా పనికొస్తుంది.

అలాగని ఎంత సన్నమైతే అంత మంచిదని కాదు. సన్నటి పాళీకి కాగితం మీద ఆనే భాగం చిన్నది, బరువంతా ఆ చుక్క మీదే పడుతుంది, బరబరా గీరుతుంది. తెలుగు రాసేటప్పుడు చెయ్యి ఒక్క వైపు నడవదు. అ రాయండి, మీ పాళీ ఎన్ని దిక్కులు తిరిగిందో చూడండి. కిందకి లాగే గీతలో ఏ పాళీ అయినా మర్యాదగానే ఉంటుంది. పక్కకి తోసినప్పుడు, పైకి ఎక్కించినప్పుడు దాని అసలు గుణం బయటపడుతుంది. అందుకని మనకి కావలసింది సన్నగా ఉండి, కొన మాత్రం గోళీలా గుండ్రంగా, అన్ని పక్కలా ఒకేలా నునుపు చేసిన పాళీ. ఒక పక్కకే గీరుతోందంటే చాలాసార్లు కారణం పాళీ చీలికకి అటూ ఇటూ ఉండే రెండు రెక్కలు ఎగుడుదిగుడుగా ఉండటమే. భూతద్దంలో ఎదురుగా చూస్తే కనబడుతుంది. గోటితో పైకి వచ్చిన రెక్కని మెల్లగా కిందకి నొక్కితే సగం జబ్బులు పోతాయి. గరుకు కాగితం మీద అరగదీయడం చివరి మందు. నేను ఆ మందు ముందే వేసి రెండు పాళీలు పాడు చేశాను. మరీ నునుపు చేస్తే ఇంకో తంటా. చీలిక దగ్గర లోపలి అంచులు గుండ్రబడి, సిరా కాగితానికి తగలక, మొదటి గీత పడదు. ఇంగ్లిషు పెన్ను పిచ్చోళ్లు దాన్ని పసిపాప పిర్ర అంటారు. చూస్తే మీరూ అదే అంటారు.

ఇక దుకాణంలో పరీక్ష. కొత్త పెన్ను చేతిలో పెట్టగానే మనలో నూటికి తొంభైమంది చేసేది ఇంగ్లిషులో సంతకం. లేదా ఊరికే సున్నాలు చుట్టడం. దాని వల్ల ఏమీ తెలియదు. నేను రాసేది మూడు మాటలు. ధృతరాష్ట్రుడు, స్వాతంత్ర్యం, ఠావు. ధృతరాష్ట్రుడులో ధ గీత ఉంది, వట్రుసుడి ఉంది, ఒకదాని కింద ఒకటి ఒత్తులున్నాయి. స్వాతంత్ర్యంలో త కింద ర, దానికి తోడు య. ఠావులో చుక్క. మామూలుగా మీరు రాసే సైజులోనే, మామూలు వేగంతోనే రాయాలి. దుకాణంలో కదా అని పెద్దగా, నెమ్మదిగా రాస్తే పెన్ను పాసవుతుంది, ఇంటికొచ్చాక మీరు ఫెయిలవుతారు. ఠలో చుక్క విడిగా కనిపిస్తే ఆ పెన్ను మీది.

బంగారం గురించి అడుగుతారు. 14 క్యారెట్ల పాళీ అంటే మెత్తగా రాస్తుందని మనకో నమ్మకం. పాళీ మెత్తదనం లోహంలో కన్నా దాని ఆకారంలో, మందంలో ఎక్కువ ఉంటుంది. బంగారు పాళీ మేకులా బిగుసుకుపోయి ఉండొచ్చు, ఉక్కుది సుతారంగా వంగొచ్చు. బంగారానికి ఉన్న అసలు సుగుణం తుప్పు పట్టకపోవడం. పూర్వం సిరాల్లో ఆమ్లం ఎక్కువ, ఉక్కు పాళీని తినేసేవి, కాబట్టి అప్పుడది అవసరం. ఇప్పటి స్టెయిన్‌లెస్ పాళీకి, ఇప్పటి మామూలు సిరాకి ఆ గొడవ అంతగా లేదు. పైగా కాగితానికి తగిలేది బంగారమూ కాదు, ఉక్కూ కాదు. కొసన అతికించిన గట్టి మిశ్రమ లోహపు గింజ. చాలా పాళీల మీద ఇరిడియం పాయింట్ అని ముద్ర ఉంటుంది. ఆ పేరు మిగిలిపోయింది గానీ ఇప్పటి గింజల్లో ఇరిడియం దాదాపు ఉండదు. వేరే గట్టి లోహాలు వాడతారు.

ఆ గింజ వల్లే ఇంకో నమ్మకానికి కూడా కాలం చెల్లింది. "నా పెన్ను ఎవరికీ ఇవ్వను, పాళీ నా చేతికి అలవాటు పడింది" అనే మాట మా ఇంట్లో వేదవాక్కు. కొసన గింజ లేని పాత ఉక్కు పాళీలు నిజంగానే రాసేవాడి వాటానికి అరిగేవి, ఇంకొకరి చేతిలో గీరేవి. ఇప్పటి గింజ అంత తొందరగా అరగదు. పక్కింటి పిల్లాడు ఒక ఫారం నింపుకుంటే మీ పాళీకి ఏమీ కాదు. కింద పడేస్తే మాత్రం అవుతుంది. కాబట్టి ఇవ్వకపోవడానికి కారణం కావాలంటే అది చెప్పండి.

పెన్నుల గురించి తెలుగులో మాట్లాడుతూ రాజమండ్రి ఊసెత్తకపోతే పాపం. కోసూరి వెంకటరత్నం గారు 1932లో అక్కడ రత్నం పెన్నులు మొదలుపెట్టారు. స్వదేశీ పెన్ను ఆయన చేసి పంపితే 1935లో గాంధీ ఆయనకి ఉత్తరం రాశారు. లేతు మిషను మీద ఎబొనైట్ అనే గట్టి రబ్బరు కడ్డీని తిప్పి చేత్తో చేసే ఆ పెన్నులకి ఇప్పటికీ అభిమానులున్నారు. అదే ఊళ్లో గైడర్ పెన్నులూ అంతే. వీటిలో చాలావాటికి గొట్టం నిండా సిరా నేరుగా పోసుకోవడమే. వారాల తరబడి రాస్తుంది. ఎబొనైట్ ఒళ్లు చేతికి చల్లగా తగలదు, చెమట పట్టిన వేళ్లలో జారదు, ఒక్కసారి పట్టుకుంటే తెలుస్తుంది. కానీ నేను ఇక్కడ కూడా అదే పట్టు పడతాను. ఒళ్లు చూసి మోజుపడి కొనకండి, పాళీ చూసి కొనండి. పెద్ద పెన్నుకి పెద్ద పాళీ అందం, ఆ పెద్ద పాళీ మామూలుగా లావుగా రాస్తుంది. సన్నటిది కావాలని అడగండి, అడిగితే మారుస్తారు. పాళీ కింద నల్లగా ఉండే ముక్క, మా ఇంట్లో దాన్ని నాలుక అనేవారు, సిరా ఎంత వదలాలో నిర్ణయిస్తుంది. కిందకి సిరా రావాలి, పైకి గాలి పోవాలి. ఈ రెంటికీ దారి చేసిన నాలుకకే అమెరికాలో పెన్నులు చేసిన వాటర్‌మన్ 1884లో పేటెంట్ తీసుకున్నాడు. నాలుక ధారాళంగా వదిలితే ఫైన్ పాళీ కూడా మీడియంలా రాస్తుంది. కాబట్టి పాళీ మీద ముద్రించిన అక్షరాన్ని చూసి తీర్పు చెప్పకండి, కాగితం మీద పడ్డ గీతని చూడండి.

కాగితం సంగతి రెండు ముక్కల్లో. చవక నోటుబుక్కు బ్లాటింగు పేపర్లా సిరా పీల్చి గీతని లావు చేస్తుంది. మీ 0.5 పాళీ అక్కడ 0.7. బాండు పేపరు మీద అదే పాళీ నిజం చెబుతుంది.

ఇప్పుడు ముంచి రాసే పాళీలు. కొయ్య పిడికి ఉక్కు పాళీ గుచ్చి, సిరాబుడ్డిలో ముంచి రాసే రకం. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ ప్రపంచానికంతటికీ వీటిని చేసి పోసింది. అక్కడ పాళీలు చేసిన జోసెఫ్ జిల్లట్ పేరు, ఆయన పాళీ 303 నంబరు ఇప్పటికీ కాలిగ్రఫీ వాళ్ల నోట వినబడుతుంది. ఇవి సూదిమొన పాళీలు. కిందకి లాగుతూ నొక్కితే రెక్కలు విచ్చుకుని గీత లావవుతుంది, వదిలితే సన్నబడుతుంది. ఏటవాలు ఇంగ్లిషు కాపర్‌ప్లేట్ రాత మొత్తం ఈ ఊపిరి మీదే నడుస్తుంది. కిందకి నొక్కు, పైకి వదులు. ఆ లయ చూసి నేనూ పడిపోయాను. జి పాళీ ఒకటి తెచ్చి తెలుగులో మొదలుపెట్టాను. జపాన్‌లో బొమ్మల కథలు గీసేవాళ్లు వాడేది అదే, కాస్త గట్టిది, కొత్తవాళ్లు పాడుచేయలేరు అని చెప్పారు.

పాడుచేయలేదు గానీ, రాత కుదరలేదు. కాపర్‌ప్లేట్‌లో లావు ఎక్కడ రావాలో ముందే తెలుసు, కిందకి దిగే ప్రతి గీతా లావు. తెలుగులో ఘ చూడండి, ఖ చూడండి. ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కి, మెలిక తిరిగి. దిగినప్పుడల్లా నొక్కితే అక్షరంలో ఒకే వైపు మూడు లావు గోడలు లేచి, చూడ్డానికి గేదె కడుపులా తయారవుతుంది. ఏ దిగుడుకి నొక్కాలి, ఏ దిగుడుని వదిలేయాలి అన్నదానికి మనకి అందరూ ఒప్పుకున్న పద్ధతి లేదు. ఎవరికి వాళ్లు కనిపెట్టుకోవాలి. కనిపెట్టుకోవడం నేరం కాదు, సరదా కూడా. కానీ మొదటి పాళీగా ఇది కొని, రాకపోతే "నా దస్తూరి బాగోదు" అని పెన్ను పడేసేవాళ్లని చూస్తే బాధేస్తుంది. దస్తూరి తప్పు కాదమ్మా అది.

సూదిమొన పాళీని నొక్కకుండా, గంటంలా తేలిగ్గా నడిపి చూడండి. సన్నటి, ఒకటే మందం గీతతో చిన్న తెలుగు అక్షరాలు ఎంత ముచ్చటగా వస్తాయో. పద్యాలు రాసుకోవడానికి నేనిప్పుడు జి పాళీని అలాగే వాడుతున్నాను. కొత్త పాళీకి తుప్పు పట్టకుండా నూనె పూత ఉంటుంది, అది పోయేదాకా సిరా నిలవదు, బొట్టు బొట్టుగా జారిపోతుంది. కాస్త పళ్లపొడి గానీ సబ్బు గానీ పెట్టి తోమితే చాలు. మంటలో చూపించేవాళ్లున్నారు. ఎక్కువసేపు చూపిస్తే పదును పోతుంది కాబట్టి నేను చూపించను. పాళీ మధ్యలో ఉన్న రంధ్రం మునిగేదాకా ముంచాలి. రాయడం అయ్యాక తడి తుడవాలి. బద్ధకించి ఒక్క రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు.

తెలుగు కాలిగ్రఫీ పెద్ద అక్షరాల్లో నేర్చుకుంటాను అనేవాళ్లకి నేను చెప్పేది మాత్రం అంతగా ఎవరూ చెప్పని పాళీ. స్పీడ్‌బాల్ అనే అమెరికన్ కంపెనీ పాళీల్లో సి రకం ఉలిమొనది, దాన్నే అందరూ కొంటారు. బి రకం వేరు. దాని మొన చిన్న గుండ్రటి బిళ్లలా మడిచి ఉంటుంది. ఎటు తిప్పినా ఒకటే లావు గీత. నెమ్మదిగా, ఆగకుండా, పూసలు గుచ్చినట్టు నడుస్తుంది. బి-0 అన్నిటికన్నా లావు, బి-6 సన్నం. జర్మనీ బ్రౌజ్ కంపెనీ ఆర్నమెంట్ పాళీ కూడా ఇలాంటిదే. వీటితో మొదటిసారి అ ఆ ఇ ఈ రాసినప్పుడు నాకు పలక మీద బలపం గుర్తొచ్చింది. గంటాన్ని లావు చేసి చేతికిచ్చినట్టు ఉంది. మన లిపికి కొలత తీసి కుట్టిన చొక్కా ఎక్కడో అమెరికాలో సైన్‌బోర్డులు రాసేవాళ్ల కోసం కుట్టారు.

ఇక్కడ ఒకాయన తప్పకుండా లేచి అడుగుతాడు. మరి మన గోడల మీద, సినిమా పోస్టర్ల మీద, షాపు బోర్డుల మీద లావు సన్నాలతో బ్రహ్మాండంగా రాసిన తెలుగు అక్షరాల మాటేమిటి? బాపు గారి చేతిరాత కంప్యూటర్ ఫాంటుగా మారేంత అందంగా ఉంది కదా, తెలుగు అక్షరానికి లావు సన్నం పనికిరాదని నువ్వెలా అంటావు? నేను పనికిరాదనను. బోర్డులు రాసే పెయింటరు చేతిలో కుంచె ఉంది, ఎదురుగా అడుగు ఎత్తు అక్షరం ఉంది. అడుగు ఎత్తు అక్షరంలో అంగుళం లావు గీత పెట్టినా లోపల గది మిగులుతుంది. ఒత్తుకి అరడుగు చోటిస్తాడు. చోటు చాలకపోతే ఒత్తుని పక్కకి జరుపుతాడు, పొడుగు తోక లాగుతాడు. చోటు ఉంటే లావు సన్నం తెలుగుకీ నగలాగే ఉంటుంది. మనం చేసే పొరపాటు ఆ నగని నాలుగు మిల్లీమీటర్ల అక్షరానికి తొడగడం.

అందుకని ఉలిమొన పాళీ వాడాలనుకుంటే నా లెక్క ఇది, నా చేతికి కుదిరింది. ఇంగ్లిషులో చిన్న అక్షరం ఎత్తు సుమారు నాలుగైదు పాళీ వెడల్పులు చాలంటారు. తెలుగులో అక్షరం ఒళ్లుకే ఎనిమిది వెడల్పులు ఇవ్వండి, కింద ఒత్తుకి ఇంకో ఐదారు వదలండి. అంటే 1.5 పాళీకి అక్షరం 12 మిల్లీమీటర్లు. పైలట్ పారలల్ పెన్నులో 3.8 సైజుకి మూడు సెంటీమీటర్ల అక్షరం. పాళీ పట్టుకునే కోణం కూడా ఆలోచించుకోవాలి. ఇంగ్లిషువాళ్ల వాటంలో పట్టుకుంటే తలకట్టులో చిన్న దిగుడు గీత లావుగా, పొడుగు ఎక్కుడు గీత వెంట్రుకలా వస్తుంది. అది నాకు బోసిగా అనిపిస్తుంది. మొనని రెండో వైపు వాల్చి పట్టుకుంటే పొడుగు గీత లావై తలకట్టు నిండుగా, పాగా చుట్టినట్టు ఉంటుంది. మణికట్టు కొంచెం నొప్పి పెడుతుంది. ఎడమచేతి వాటం వాళ్లకి ఇదే సుఖమని మా ఆఫీసులో ఒకమ్మాయి రాసి చూపించింది. ఆమె చేతిలో నా 1.5 పాళీ నా దగ్గర ఎప్పుడూ లేనంత బుద్ధిగా నడిచింది.

మిగిలిన నూట ముప్పై అయిదు కవర్లూ, పాడైన పద్దెనిమిదికి బదులు కొత్తవీ, 0.5 గుండ్రటి పాళీతో రెండు రాత్రుల్లో రాసేశాను. బాబాయి ఒక్కొక్కటీ చదివి పక్కన పెట్టాడు. మెచ్చుకోలేదు, ఈగల ప్రస్తావనా తేలేదు. పాడైన కవర్లు మాత్రం పారెయ్యనివ్వలేదు, చదివింపుల డబ్బులు పెట్టడానికి పనికొస్తాయని దాచాడు.

1.5 స్టబ్ ఊరికే ఉందని మా ఆవిడ దానికో పని చూసింది. వేసవిలో పచ్చడి సీసాల మీద చీటీలు రాయమంది. మామూలు నీలం సిరా నూనె చేతులకీ తడి చేతులకీ చెరిగిపోతుంది. చెరగని ఇండియా ఇంకు ఇంకు పెన్నులో పోస్తే గడ్డకట్టి పెన్నునే తినేస్తుంది. చివరికి ఆ స్టబ్ కూడా పక్కనపెట్టి, స్పీడ్‌బాల్ సి-2 పాళీని పిడికి గుచ్చి, ఇండియా ఇంకులో ముంచి, అంగుళం ఎత్తు అక్షరాలతో రాశాను. ఆవకాయ. మాగాయ. మెంతికాయ. సీసా వంపు మీద కూడా ఆ అక్షరాలు నిండుగా కూర్చున్నాయి. మొన్న బాబాయి ఇంటికొచ్చి, వంటింట్లో మాగాయ సీసా చేతిలోకి తీసుకుని, మూత తీయకుండా కాసేపు చీటీ కేసే చూశాడు.

"ఏరా, ఒత్తుల్లేని పచ్చళ్లే పెట్టించావేంట్రా?" అన్నాడు.

ఉసిరికాయలు వచ్చాక 'నల్ల ఉసిరి' అని రాద్దామనుకుంటున్నాను.